మాను చూడకుండా రేటు చెప్పనన్నాడు: కర్నూల్లో చెట్లు కొట్టే టీమ్‌తో మా కాలనీ అనుభవం

ముందే చెప్తున్నా, ఇది మెచ్చుకుంటూ రాస్తున్న రివ్యూనే, కానీ ఊరికే మెచ్చుకోవట్లేదు, లెక్కలతో సహా రాస్తా. ఎందుకంటే కర్నూల్లో ఒక చెట్టు కొట్టించాలంటే ఎంత అవుతుంది అని అడిగితే ఒకరు 3,000 అంటారు, ఇంకొకరు 30,000 అంటారు, రెండూ నిజమే అయ్యుండొచ్చు, కానీ ఆ తేడా యాడ వస్తుందో మాత్రం ఎవురూ చెప్పరు. మాది నంద్యాల రోడ్డు వైపు చిన్న కాలనీ, 38 ఇళ్లు, నేను అసోసియేషన్‌కి ట్రెజరర్‌ని, ప్రతి రూపాయికీ మీటింగులో లెక్క చెప్పాల్సింది నేనే. ఈసారి చెప్పిన లెక్కకి ఒక్కరు కూడా మారు మాట్లాడలేదు, దానికి కారణం మాకు దొరికిన మనిషి.

అంతకు ముందు సంవత్సరం ఏం జరిగిందో చెప్పకపోతే ఇది అర్థం కాదు. గేటు పక్కన పెద్ద తురాయి మాను ఉండేది, ఎర్రగా పూసేది, మొదల్లో బోలు పడి గాలివానకి ఊగుతుంటే భయమేసి కొట్టించాలనుకున్నాం. ముగ్గుర్ని అడిగినాం, 6,000 చెప్పినాయనకి ఇచ్చినాం, మిగతా ఇద్దరూ పదివేల పైన చెప్పినారు కాబట్టి ఇంగ ఆలోచించేదేముంది అనుకున్నాం. పొద్దున 10కి వచ్చి కొమ్మలన్నీ కొట్టేసినారు, మొండి మాను నిలబడి ఉంది, అప్పుడు మధ్యాన్నం ఆయన వచ్చి ఇది అనుకున్నదాని కంటే లావుంది, ఇంకో 4,000 ఇస్తేనే కింద కోస్తాం, లేకపోతే ఇట్లనే వదిలేసి పోతాం అన్నాడు. కొమ్మల్లేని మాను గేటు మీదకి వాలి ఉంటే ఎవరైనా ఏం బేరం ఆడతారు, ఇచ్చినాం. తాడు ఒకటే కట్టి లాగినారు, అది తిరిగి కాంపౌండు గోడ మీద పడింది, రెండు పిల్లర్ల మధ్య గోడ మొత్తం పోయింది. గోడ సంగతి మాకు సంబంధం లేదు, మీరే త్వరగా కానీమన్నారు అన్నారు. మొద్దులు 12 రోజులు రోడ్డు పక్కనే పడి ఉన్నాయి, స్కూలు ఆటో తిరగడానికి జాగా లేక రోజూ గొడవ, చివరికి మేమే ట్రాక్టరు పెట్టి తీయించినాం. గోడతో, ట్రాక్టరుతో కలిపి 23,000 దాటింది. 6,000 పని.

ఆ డబ్బు నా చేత్తో ఇచ్చినా కాబట్టి అది నాకు ఇప్పటికీ బాధే. అందుకే పోయిన నవంబర్లో మళ్లీ చెట్లు కొట్టించే పని వచ్చినప్పుడు ఈసారి నేను దగ్గరుండి చూసుకోవాలనుకున్నా. పని ఏందంటే పార్కు పక్కన ఒక నిద్రగన్నేరు, శానా పెద్దది, సగం కొమ్మలు పార్కింగు షెడ్డు మీద, ఒక పెద్ద కొమ్మ రెండు ఇళ్లకి పోయే కరెంటు సర్వీసు వైరు మీద, మొదలు గోడకి రెండడుగుల దూరంలో. ఆ వెనక ఐదు కోనోకార్పస్ మాన్లు, ఎవరో పదేళ్ల కింద అందంగా ఉంటాయని వేసినారు, వాటి వేర్లు డ్రైనేజీ పైపులోకి పోయి రెండుసార్లు బ్లాక్ అయింది. ఇంకొకటి బోరు కాడ ఉన్న పాత యాపమాను, ఆకులన్నీ ఎండి మాడిపోయినట్టు ఉంది, చచ్చిపోయింది తీసేద్దాం అని అందరూ అన్నారు.

మొదట ఫోన్లో ఒకాయన్ని అడిగితే వాట్సాప్‌లో ఫోటోలు పెట్టండి మేడం అన్నాడు, పెట్టినా, పది నిమిషాల్లో మొత్తం 14,000 అని మెసేజ్ వచ్చింది. గోడ ఎంత దూరం, వైరు ఉందా, ట్రాక్టరు లోపలికి వస్తుందా, ఒక్క ప్రశ్న లేదు. ఫోటోలో మాను ఎత్తు తెలియదు, వెనక ఏముందో తెలియదు, అయినా రేటు వచ్చేసింది. ముందు సంవత్సరం కూడా ఇట్లనే మొదలైంది కదా అని నాకు గుండె జారింది. మా కమిటీలో ఇద్దరు మాత్రం 14,000 అనేసరికి ఖాయం చేసేద్దాం అన్నారు.

రెండో ఆయన కట్టెల అడితి ఆయన, ఆయన అసలు డబ్బులే అడగలేదు, కట్టె నాది, మీకే నేను ఎదురు 4,000 ఇస్తా అన్నాడు. వినడానికి బాగుంది కదా, మా వాళ్లు ఎగిరి గంతేసినారు. నేను అడిగినా, కొమ్మలు, ఆకు చెత్త ఎవరు ఎత్తుతారు అని, అది మీదే అన్నాడు. మొద్దులు వేర్లతో తీస్తావా అంటే కట్టె వరకే అన్నాడు. షెడ్డు రేకులకి ఏమన్నా అయితే అంటే ఏం కాదులేమ్మా అన్నాడు. యాపమాను మాత్రం ఖచ్చితంగా కావాలన్నాడు, అది లేకపోతే బేరం లేదన్నాడు, ఎందుకంటే నిద్రగన్నేరు కట్టెకి పెద్దగా రేటు రాదు, పాత యాపకైతే గుమ్మాలకి, దర్వాజాలకి కూడా పోతుంది. అంటే ఆయన మా పని చూసి రేటు కట్టలేదు, మా యాపమాను చూసి కట్టినాడు. తప్పు అనట్లేదు, ఆయన వ్యాపారం అది, కానీ మనం దాన్ని చెట్టు తీసే సర్వీసు అనుకుంటేనే మోసపోతాం.

మూడో మనిషి గురించే ఈ రివ్యూ. పేరు, నంబరు ఇక్కడ పెట్టొద్దన్నాడు, బోర్డు కూడా లేదు, కోత మిషన్లు రెండు, మోకులు, ఐదుగురు మనుషులు, అంతే ఆయన కంపెనీ. అందరూ భాయ్ అంటారు, నేనూ అట్లనే రాస్తా. ఫోన్ చేసి ఎంతవుతుంది భాయ్ అంటే మాను చూడకుండా రేటు చెప్పను మేడం, చెప్తే అది అబద్ధమే అవుతుంది, రేపు పొద్దున వస్తా అన్నాడు. వచ్చినాడు. ముందు మానుని చూడలేదు, పైకి చూడకుండా కాలనీ గేటు కాడినుంచి పార్కు దాకా నడిచినాడు, గేటు వెడల్పు టేపుతో కొలిచినాడు, ట్రాక్టరు ట్రాలీ తిరిగే మలుపు చూసినాడు, మాను కింద ఏ కారు ఎవరిదో అడిగినాడు, ఆ తర్వాతే తల పైకెత్తినాడు.

నిద్రగన్నేరు చుట్టూ రెండుసార్లు తిరిగి ఛాతీ ఎత్తులో టేపు చుట్టినాడు, 8 అడుగుల చుట్టుకొలత. నేను పక్కనే ఉంటే లెక్క చెప్పినాడు, అడితిలో ఎట్ల కడతారంటే చుట్టుకొలతని నాలుగు పెట్టి భాగించి, దాన్ని దాంతోనే గుణించి, పొడుగుతో గుణిస్తారంట. 8 అడుగులైతే నాలుగో వంతు 2, రెండు రెళ్లు నాలుగు, పదడుగుల మొద్దుకి 40 ఘనపుటడుగులు. పచ్చి కట్టె ఘనపుటడుగుకి 25 కేజీలు వేసుకున్నా ఆ ఒక్క మొద్దే టన్ను. టన్ను బరువు గోడ పక్కన, షెడ్డు పక్కన, దాన్ని ఒకేసారి పడెయ్యలేం మేడం, పైనుంచి ముక్కలు ముక్కలుగా మోకుతో దించాల, ఒక రోజు పని రెండు రోజులైతాది, మీ డబ్బులు ఆడికే పోతాయి, మాను లావుకి కాదు, అది పడే చోటుకి అన్నాడు. నాకు అప్పుడు అర్థమైంది, ఇదే మాను పొలం గట్టు మీద ఉంటే రెండు గంటల్లో పడేసి పోతారు, దానికి 3,000 చాలు, గోడకీ వైరుకీ మధ్య ఉంటే అదే మానుకి అంతకు ఎన్నో రెట్లు. ఎవురూ చెప్పని తేడా ఇదే.

ఇంకో విషయం కూడా చెప్పినాడు, ఆ అడితి లెక్క నిజంగా ఉన్న కట్టె కంటే ఐదో వంతు దాకా తక్కువ చూపిస్తుందంట. ఇంటికొచ్చి నేను వృత్తం వైశాల్యం ఫార్ములాతో వేసి చూసినా, 8 అడుగుల చుట్టుకొలతకి 5 చదరపు అడుగుల పైన వచ్చింది, అడితి లెక్కలో 4. నిజమే చెప్పినాడు. కాబట్టి కట్టె అమ్మేటప్పుడు టేపు లెక్క కాదు, కాటా మీద పెట్టి టన్నుల్లో అమ్మండి.

యాపమాను దగ్గరికి పోయినాక ఆయన చేసిన పని నేను మర్చిపోలేను. చిన్న కొమ్మ ఒకటి వంచి బొటనవేలి గోరుతో బెరడు గీకినాడు, లోపల పచ్చగా ఉంది. ఇంకో కొమ్మ గీకినాడు, అదీ పచ్చనే. ఇది చావలేదు మేడం, కొనలు ఎండే రోగం, వానలు అయినాక శానా చోట్ల యాపలకి వస్తాంది, ఎండాకాలం మొదలయ్యే నాటికి మల్లా ఇగురు పెడతాది, ఊరికే కొట్టించుకోవద్దు అన్నాడు. నాకు గుర్తొచ్చింది, 2021లో ఇట్లనే మన రెండు రాష్ట్రాల్లోనూ యాపమాన్లు మాడిపోతే అందరూ భయపడినారు, అది ఫోమాప్సిస్ అనే ఫంగస్ వల్ల వచ్చే తెగులు అని, దాంతో పాటు ఒక రకం దోమ లాంటి పురుగు కూడా రసం పీలుస్తుందని శాస్త్రవేత్తలు చెప్పినారు, మాన్లు శానా వరకు మల్లీ చిగురేసినాయి కూడా. నేను మర్చిపోయినా, ఈయన మర్చిపోలేదు. దీన్ని కూడా కొట్టమంటే నాకు ఇంకో 7,000 వచ్చేది, కట్టె వేరే, కానీ వద్దు అన్నాడు. అంత పని వదులుకునే మనిషి రేటు చెప్తే నమ్మకుండా ఎట్లుంటాం.

రేటు ఎట్ల చెప్పినాడో ఇప్పుడు రాస్తా, ఇది చదివేవాళ్లకి ఉపయోగపడేది ఇదే. రెండు రోజుల పని అన్నాడు. పైకెక్కే పిల్లోడికి రోజుకి 1,500, కోత మిషన్ ఆయనకి 1,200, మోకు పట్టి కట్టె మోసే ముగ్గురికి 700 చొప్పున 2,100, మొత్తం రోజుకి 4,800, రెండు రోజులకి 9,600. పెట్రోలు, ఆయిలు, చైన్లకి రోజుకి 900, మొత్తం 1,800. ట్రాక్టరు నాలుగు ట్రిప్పులు, ట్రిప్పుకి 1,200, అంటే 4,800. రిస్కుకి 3,000, షెడ్డు రేకో పైపో పగిలితే అందులోంచే పెట్టుకుంటా, పగలకపోతే నాకు మిగుల్తాయి అన్నాడు. ఆయన సొంతానికి 4,000. అంతా కలిపి 23,200. దాంట్లోంచి కట్టె రెండు టన్నులు వస్తాదని అంచనా, టన్ను 1,600 లెక్కన 3,200 తీసేసి, మాకు 20,000. కోనోకార్పస్ మొద్దులు వేర్లతో పీకాలంటే జేసీబీ గంటకి 1,300, అది వేరే, మీరే నేరుగా ఇచ్చుకోండి, నేను మధ్యలో తినను అన్నాడు.

చైన్లకి అంత ఎందుకు భాయ్ అని అడిగితే నిద్రగన్నేరు మొదల్లో తుప్పు మరకలు చూపించినాడు. బ్యానర్లకి, వినాయక చవితి పందిరికి, బట్టల తీగకి ఏళ్ల తరబడి కొట్టిన మేకులు, మాను పెరిగే కొద్దీ లోపలికి మింగేస్తాది, పైకి మరక ఒక్కటే కనపడుతుంది. మిషన్ చైను ఒక మేకుకి తగిలితే పళ్లు మొత్తం పోతాయి, మల్లా ఆకురాయి పట్టుకుని కూర్చోవాల, ఒక్కోసారి చైనే మార్చాల. ఈ మాటతో మా కాలనీలో మాన్లకి మేకులు కొట్టొద్దని నేనే నోటీసు పెట్టించినా.

మీటింగులో మూడు కొటేషన్లు పెట్టినా, మైనస్ 4,000, 14,000, 20,000. గంటసేపు వాదన అయింది. 14,000కి, 20,000కి 6,000 తేడా, అంత డబ్బు ఊరికే పోతాది కదా అన్నారు. నేను ఒకటే చేసినా, 14,000 ఆయనకి మీటింగులోంచే ఫోన్ చేసి స్పీకర్లో పెట్టి భాయ్ రాసిన ఐటమ్స్ ఒక్కొక్కటి అడిగినా. చెత్త ఎత్తడం ఉందా అంటే లేదు, ట్రాక్టరు మీదే, షెడ్డుకి ఏమన్నా అయితే మీదే, వైరు సంగతి మీరే మాట్లాడుకోవాల, మూడో రోజు పడితే కూలి వేరే. కలుపుకుంటూ పోతే 14,000 కాస్తా 22,000 దాటింది. అందరికీ అప్పుడు తెలిసింది, ఆయన రేటు తక్కువ చెప్పలేదు, పనిలో కొంత భాగానికే చెప్పినాడు. గుత్తకి మాట్లాడేటప్పుడు గుత్తలో ఏమేం ఉన్నాయో తెలియకుండా రెండు రేట్లు పక్కపక్కన పెట్టి పోల్చడానికే లేదు.

భాయ్ కూడా బేరానికి ఒప్పుకున్నాడు, కానీ ఎట్లంటే, 18,000 చెయ్యి భాయ్ అంటే చేస్తా, చిన్న కొమ్మల చెత్త ట్రాక్టరు ఒక ట్రిప్పు తగ్గిస్తా, అది మీరు మున్సిపాలిటీ బండికి ఇచ్చుకోండి, ఇంకో 800 నా దాంట్లో తగ్గించుకుంటా అన్నాడు. రేటు తగ్గితే పని ఏది తగ్గుతుందో చెప్పినాడు. ఊరికే తగ్గించుంటే ముందు ఎక్కువ చెప్పినట్టే కదా. మేం ఆలోచించి 20,000కే ఒప్పుకున్నాం, బయానా 5,000 ఇచ్చినాం.

పర్మిషన్ కాయితం లేకుండా మిషన్ స్టార్ట్ చెయ్యనన్నాడు. ఇది చాలామందికి తెలియదు, 2002 వాల్టా చట్టం ఉంది, నీరు, భూమి, చెట్లు మూడింటికీ కలిపి తెచ్చిన చట్టం, సొంత జాగాలో మానైనా ముందు పర్మిషన్ తీసుకోవాల, కొన్ని రకాలకి మినహాయింపు ఉంది గానీ అది మనం అనుకుంటే సరిపోదు, అడగాల. నేను అర్జీ పెట్టి, వాళ్లు వచ్చి చూసి, కాయితం చేతికొచ్చే సరికి మూడు వారాలు పట్టింది, ఆ మూడు వారాలు భాయ్ ఒక్కసారి కూడా తొందర పెట్టలేదు. ఇంతకు ముందు వచ్చినవాళ్లు ఎవురూ ఆ ఊసే ఎత్తలేదు.

కరెంటుది కూడా అంతే. వైరుకి తగిలే కొమ్మని లైను ఆఫ్ చెయ్యకుండా ముట్టుకోను అన్నాడు. ఎస్‌పీడీసీఎల్, అంటే మా కరెంటు సంస్థ వాళ్లకి అర్జీ ఇచ్చినాం, పని కోసం లైను ఆపడాన్ని వాళ్ల మాటల్లో ఎల్‌సీ అంటారు, లైన్ క్లియర్ అని, ఆ రోజు పొద్దున లైన్‌మన్ వచ్చి సప్లై తీసి చూపించినాకే పిల్లోడు మాను ఎక్కినాడు. మీకు ఎవరిని అడగాలో తెలియకపోతే 1912కి ఫోన్ చేస్తే చెప్తారు. పచ్చి కొమ్మ కరెంటుని లాగుతుంది, తడి తాడు కూడా లాగుతుంది, ఆఫ్ చెయ్యకుండా కొట్టేస్తాం అనేవాడు ఎంత తక్కువకి వచ్చినా వద్దనండి, అక్కడ పోయేది ఒక పిల్లోడి ప్రాణం.

పని రోజు నేను సెలవు పెట్టి కుర్చీ వేసుకుని కూర్చున్నా. పిల్లోడు నడుముకి బెల్టు, రెండు తాళ్లు, ఒకటి తీసేముందు ఇంకొకటి కట్టుకుంటున్నాడు. కొమ్మని ముందు కింద నుంచి రొంత కోసి తర్వాత పైనుంచి కోస్తున్నారు, అట్ల చెయ్యకపోతే కొమ్మ విరిగేటప్పుడు బెరడు చీల్చుకుంటూ మనిషి వైపు వస్తాదంట. మోకు పై పంగలోంచి వేసి, కింద మొదలుకి రెండు చుట్లు తిప్పి, ఇద్దరు పట్టుకుని మెల్లగా వదులుతుంటే పెద్ద పెద్ద కొమ్మలు బిందె దించినట్టు దిగినాయి. పార్కింగు షెడ్డు మీద ఒక్క ఆకు పడితే ఒట్టు అనను, ఆకులు పడినాయి, కానీ బరువేదీ పడలేదు. చివర మొండి మాను రెండు ముక్కలుగా తీసినారు, పడాల్సిన వైపు నోరు మాదిరి ఒక ముక్క తీసి, వెనక నుంచి కోత పెట్టి, మధ్యలో తలుపు బందు లెక్క కొంచెం కట్టె వదిలేసినారు, అది దాని మీదే తిరిగి పార్కు మట్టి మీద పడింది. ముందు సంవత్సరం మా గోడ ఎందుకు పోయిందో నాకు ఆ నిమిషంలో తెలిసింది, ఆ బందు వదలకుండా అడ్డంగా కోసేసినారు.

రెండో రోజు ఒక ఇబ్బంది వచ్చింది. కోనోకార్పస్ గుబురులో పెద్ద తేనెపట్టు ఉంది, ముందు రోజు ఎవురూ చూడలేదు, భాయ్ కూడా చూడలేదు. మిషన్ స్టార్ట్ చెయ్యగానే కదిలినాయి, అందరినీ ఇళ్లలోకి పొమ్మని కేక వేసి పని ఆపేసినాడు. సాయంత్రం దాకా ఏం చెయ్యలేదు, రాత్రి తేనె తీసే మనుషుల్ని పిలిపించి తీయించినాడు, పని మూడో రోజుకి పోయింది. కూలి ఒక రోజుది ఎక్కువైంది కదా, ఇంకో 4,800. నేను అడిగినా ఎంతివ్వాల భాయ్ అని, మాను చూసి రేటు చెప్పింది నేను, పట్టు చూసుకోకపోవడం నా తప్పు, మీరెందుకిస్తారు అన్నాడు. నా మనసొప్పలేదు, కమిటీలో మాట్లాడి 2,000 ఇప్పించినా, తీసుకోవడానికి అరగంట బతిమాలించుకున్నాడు.

కట్టె కాటా వేయిస్తే రెండు టన్నుల 300 కేజీలు వచ్చింది. ఎక్కువ వచ్చిన 300 కేజీలకి 480 రూపాయలు ఫైనల్ బిల్లులో తగ్గించినాడు, కాటా చీటీ కూడా ఇచ్చినాడు. దీని గురించి ఎవురూ అడగలేదు, ఆయనే చేసినాడు.

ఇంగ నచ్చనివి కూడా రాయాల. మొదటి రోజు 7కి వస్తామని 9 దాటినాక వచ్చినారు, లైన్‌మన్ ఎదురు చూసి విసుక్కున్నాడు, అది నాకు శానా ఇబ్బంది అయింది. రంపపు పొట్టు గాలికి రెండు ఇళ్ల ఏసీ అవుట్‌డోర్ యూనిట్లలోకి పోయింది, ముందే గోతం కప్పమని చెప్పుంటే మేమే కప్పేవాళ్లం. కొటేషన్ మొదట నోటితోనే చెప్పినాడు, నేను పట్టుబడితే బిల్లు బుక్కు వెనక రాసిచ్చినాడు. హెల్మెట్ పైకెక్కే పిల్లోడికి ఒక్కడికే ఉంది, కింద మోకు పట్టేవాళ్లకి లేదు, కొమ్మ పడేది వాళ్ల నెత్తి మీదే కదా, అది మాత్రం నేను గట్టిగా చెప్పినా. ఒక మంచి విషయం ఏందంటే ఐదుగురికీ బ్యాంకులో సురక్షా బీమా కట్టించినాడు, సంవత్సరానికి 20 రూపాయలు, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు. అది సరిపోదు భాయ్, ఇంకా పెద్దది చేయించు, దాని ఖర్చు కూడా కొటేషన్‌లో కలుపు, మేమిస్తాం అని చెప్పినా. రిస్కుకి అని మా షెడ్డు రేకుల కోసం 3,000 పెట్టినప్పుడు మనుషుల కోసం కూడా ఒక లైను ఉండాల కదా.

ఆయనతో మూడో రోజు టీ తాగుతూ శానా సేపు మాట్లాడినా, ఎందుకంటే పని ఇంత బాగా చేసే మనిషి లెక్కలో తనకి తాను అన్యాయం చేసుకుంటున్నాడు అనిపించింది. ఆయన లెక్కలో మిషన్ ఖరీదు లేదు. మిషన్ రెండు మూడేళ్లకి అరిగిపోతాది, కొత్తది కొనాలంటే ఆ డబ్బు యాడినుంచి వస్తాది, రోజుకింత అని పక్కన పెట్టాల కదా భాయ్ అంటే ఎప్పుడూ అట్ల అనుకోలేదు మేడం అన్నాడు. మాను చూడడానికి వచ్చి పోయే పెట్రోలు, సగం పూట, ఇవి కూడా ఎవురూ ఇవ్వరంట, పది చోట్లకి పోతే మూడు పనులు దొరుకుతాయంట, ఆ ఏడు చోట్ల తిరుగుడు ఖర్చు దొరికిన మూడింట్లోనే రావాల, లేకపోతే ఇంట్లోంచి పోయినట్టే. చూడడానికి 300 తీసుకో, పని ఇస్తే బిల్లులో తగ్గించు అని చెప్పినా, అడగాలంటే మొహమాటం అన్నాడు. తేనెపట్టు, మేకులు, వాన, ఇట్లాంటివి వస్తే ఎంత అదనమో ముందే రాసుకో, అప్పుడు ఎవురూ తప్పు పట్టరు అని కూడా చెప్పినా. ముందే రాసి అదనంగా తీసుకోవడానికీ, మా గేటు కాడ నిలబడి 4,000 అడగడానికీ శానా తేడా ఉంది, ఈ పని చేసే మిగతావాళ్లు కూడా ఇది చదివితే బాగుండు.

ఐదుకి నాలుగున్నర ఇస్తా, ఆ అర హెల్మెట్లకి తగ్గించినా. మొత్తం ఖర్చు 20,000, తేనెపట్టుకి 2,000, జేసీబీ రెండు గంటలకి 2,600, కట్టెలో 480 తగ్గింపు, అంటే 24,120. ఒక్క రేకు పగల్లేదు, ఒక్క ఇటుక ఊడలేదు, నాలుగో రోజు పొద్దున పార్కు ఊడ్చి ఇచ్చి పోయినారు. నిద్రగన్నేరు పోయినందుకు బాధ ఉంది, కర్నూలు ఎండలకి ఆ నీడ విలువ ఏందో మాకు తెలుసు, దాని జాగాలో గోడకి 15 అడుగులు ఎడంగా రెండు కానుగలు పెట్టినాం, ఎంత దూరం పెట్టాలో కూడా భాయే అడుగులేసి చూపించినాడు.

యాపమాను ఈ నెల మొదట్లో ఇగురు పెట్టింది, ఎర్రగా లేత ఆకు, ఇప్పుడు పూత కూడా వచ్చింది, ఉగాది పచ్చడికి మా వీధిలో అందరూ దాని పువ్వే కోసుకున్నారు. ఫోటో తీసి భాయ్‌కి పంపినా. ఎండు కొనలు కత్తిరించాల మేడం, వాన్లు రాకముందే వస్తా, రేటు మాత్రం వచ్చి చూసినాకే చెప్తా అని మెసేజ్ పెట్టినాడు.